కళ్లంలో కుళ్లిన లక్ష్మి

దిగపహండి దగ్గరి మా ఊళ్లో నీలమ్మ అంత ధాన్యం పిచ్చి ఉన్న మనిషిని నేను చూడలేదు. ఎవరి పొలానికి వెళ్లినా గట్టు మీద రాలిన గింజలు కొంగులో ఏరుకోకుండా ఇంటికి రాదు. పక్కింటిదాన్ని, నాకు తెలుసు. అలాంటి మనిషికి వైకుంఠరావును కట్టబెట్టిన పెద్దలను ఏమనాలి? అతనికి ఒళ్లు వంగదు గానీ, ఆచారాలు చెప్పమంటే మాత్రం నోరు నొప్పెట్టదు.

ఆ ఏడు మార్గశిరంలో నూర్చిన ధాన్యం కళ్లంలో రాశిగా ఉంది. ఏడాది పొడుగునా వాళ్ల తిండి అదే. బుధవారం టీవీలో తుపాను అన్నారు. ఎక్కడో పసిఫిక్ సముద్రం చల్లబడిందట, దాన్ని లానినా అంటారట, అలాంటి ఏళ్లలో మన బంగాళాఖాతం చలికాలం వచ్చినా ఊరుకోదట. ఎదురింటి జగ్గారావు ఆ సాయంత్రమే తన ధాన్యం శ్లాబు గదిలో పోసుకుని, చోటుంది మీదీ తెచ్చెయ్యండి అన్నాడు. వీళ్లది కారే తాటాకిల్లు మరి.

“సలికాలంలో తుపానేటి? ఆళ్లకి పనీపాటా నేదు,” అన్నాడు వైకుంఠరావు చుట్ట వెలిగిస్తూ.

గురువారం తెల్లారేసరికి ఆకాశం నల్లబడింది. నీలమ్మ గోనెలు పట్టుకుని నిలబడింది.

“ఇప్పుడైనా కదుపుదామయ్యా. గింజ తడిస్తే ఏటి తింటాం?”

“మార్గశిర లచ్చివారం నాడు లచ్చిమిని పరాయి గడప తొక్కిస్తావేటి? సిగ్గునేదా నీకు?”

ఆమె కప్పిన టార్పాలిన్ శుక్రవారం గాలికి ఎగిరిపోయింది. వాన ఆదివారం దాకా విడవలేదు. తర్వాత వెళ్లి రాశిలో చెయ్యి పెట్టాను. లోపల వేడి, జిగురు, బూజు. పైన మొలకలు. పులిసి కుళ్లిన గంజి వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఆ పక్కనే కూర్చుని “అంతా దేవుడి లీల” అంటున్న వైకుంఠరావును చూస్తే అంతకన్నా రోత పుట్టింది.

మళ్లీ లక్ష్మివారం వచ్చింది. మా వైపు ఆ రోజు మాణం అనే వెదురు కొలత నిండా కొత్త ధాన్యం పోసి, అదే లక్ష్మి అని పూజిస్తారు. వైకుంఠరావు ఖాళీ మాణం పట్టుకుని సిగ్గు లేకుండా జగ్గారావు ఇంటికి వెళ్లాడు. జగ్గారావు తల్లి చిట్టమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

“ఈయేళ లచ్చివారం కదా నాయినా. గింజ గడప దాటకూడదు. నీకు తెలీనిదేటి?”

పాపం, ఆవిడ ఎత్తిపొడవలేదు. నిజంగానే అంది.

తిరిగొచ్చిన మొగుడి చేతిలోంచి నీలమ్మ మాణం లాక్కుంది. కళ్లంలోకి వెళ్లి, మొలకలూ బూజూ పట్టిన ధాన్యం దోసిళ్లతో దాని నిండా పోసి తెచ్చి, ముగ్గు మీద పీట వేసి పెట్టింది. ఇల్లంతా కంపు కొట్టింది.

“కదపొద్దన్నావు, కదప్నేదు. ఇదే నీ లచ్చిమి. దండమెట్టు.”

చేతులు జోడించడానికి వైకుంఠరావు మూసుకున్న ముక్కు వదలాల్సి వచ్చింది.