సబ్‌స్టేషన్‌కు నేను పెట్టిన కాపలా

1986 మార్చి పధ్నాలుగు, శుక్రవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా లారీ మామయ్య దేశానికి శత్రువయ్యాడు. అప్పటిదాకా ఆయన క్వారీ నుంచి నాపరాళ్ళు తోలుకునే మామూలు డ్రైవరు, మా అమ్మకు స్వయానా తమ్ముడు. ఆయన్ని శత్రువును చేసింది నేనే. ఆ రోజుల్లో ఆడపిల్ల ఎం.టెక్. చదువుతోందంటే మా పల్నాడులో కొందరు ఇంత చదువు దేనికని జాలిపడేవారు, కొందరు ఇంట్లో పాడైన రేడియో తెచ్చి ముందు పెట్టేవారు. (రేడియోలు బాగుచేయడం నాకు ఇప్పటికీ రాదు.) నా పరిశోధన వేరు. సైనిక స్థావరాల్లోకి, విద్యుత్ కేంద్రాల్లోకి, డ్యాము గేట్ల దగ్గరికి దొంగచాటుగా ఎవరైనా వస్తే కంచె దానంతట అదే కనిపెట్టి కాపలావాళ్ళను పిలవాలి. కంచెకు సన్నటి అదురు పసిగట్టే పరికరాలు కట్టి, వాటి తీగల్ని ఒక మైక్రోప్రాసెసర్ పెట్టెకు కలిపి, ఎక్కింది మనిషా మరొకటా అని ఆ పెట్టెతోనే తేల్పించడం నా పని. హైదరాబాదులో లాబొరేటరీ బల్ల మీద అది బ్రహ్మాండంగా పనిచేసింది. బల్ల మీదికి మేకలు రావు కదా.

మా పెద్ద సారు, అంటే నా గైడు, బల్ల మీద విజయాల్ని నమ్మేవారు కాదు. "నిజమైన కంచె, నిజమైన ఊరు కావాలమ్మా" అన్నారు. అడిగిన చోటల్లా కాదన్నారు. చివరికి గురజాల, మాచర్ల మధ్య మా ఊరి పక్కనే ఉన్న చిన్న సబ్‌స్టేషన్‌లో, మామయ్యకు తెలిసిన ఒక ఇంజనీరు దయతలచి, రోడ్డు వైపు కంచె వరకు నాకు వదిలిపెట్టారు. చలికాలమంతా అక్కడే గడిపాను. మేక కంచెకు వీపు రుద్దుకుంటే ఎలా అదురుతుంది, కాకుల గుంపు వాలితే ఎలా, వాచ్‌మన్ బాబాయి భార్య తడి చీర ఆరేస్తే ఎలా, అన్నీ కొలిచాను. (ఆవిడను పిన్ని అనేదాన్ని, వరసకు ఏమీ కాకపోయినా. రోజూ మజ్జిగ పోసే మనిషిని పేరు పెట్టి ఎలా పిలుస్తాం?) దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. "ఏందమ్మాయ్, మేకల్ని లెక్కపెట్టే మిషనా?" అని ఒకాయన అడిగితే, నేను జవాబిచ్చేలోపే పిన్ని అందుకుంది: "కాదన్నా, మనుషుల్లో మేకలెవరో చెప్పే మిషను. నువ్వు కాస్త ఎడంగా నడువు."

ఈ నవ్వులాటల వెనక నాకొక గడువుంది. గుంటూరులో ఒక కాలేజీవారు నన్ను లెక్చరరుగా తీసుకుంటామన్నారు. అంతకుముందు అక్కడ ఇంజనీరింగ్ పాఠం ఆడమనిషి చెప్పింది లేదు. ఒకటే షరతు, మార్చి ముప్పై ఒకటిలోగా డిగ్రీ చేతికి రావాలి. డిగ్రీ రావాలంటే బయటినుంచి వచ్చే పరీక్షకుడు నా కంచెను కళ్ళారా చూసి సరేననాలి. ఆ పరీక్షకుడు సైన్యంలో పనిచేసి రిటైరయిన కర్నల్ సారు. ఆయనిచ్చిన రోజు మార్చి పధ్నాలుగు. అది తప్పితే మళ్ళీ ఆరు నెలలదాకా ఆయనకు తీరదు. కాబట్టి నా ఉద్యోగం మొత్తం ఆ ఒక్క ఉదయం మీద వేలాడుతోంది.

అప్పటిదాకా పరీక్షలన్నీ ఎర్ర బల్బుతోనే చేశాను. కంచె అదిరితే వాచ్‌మన్ గది గుమ్మం మీద బల్బు వెలిగేది, బాబాయి కర్ర పుచ్చుకుని కంచె దగ్గరికి పరుగెత్తేవాడు. ఆయన పరుగు చూసి నాకు ఎంత ధైర్యమో. కానీ పట్టపగలు కర్నల్ సారు ముందు బల్బు ఏం కనపడుతుందని, పెద్ద సారు తన పలుకుబడితో గుంటూరులో మూతపడిన ఒక మిల్లు నుంచి సైరన్ తెప్పించారు. అది ముందురోజు సాయంత్రం బస్సు టాపు మీద దిగింది. బిగించేసరికి దీపాలు పెట్టే వేళయింది. "ఇప్పుడు మోగించమాకమ్మా, పిల్లకాయలు దడుసుకుంటారు" అన్నాడు బాబాయి. తీగలన్నీ మీటరుతో కొలిచి చూశాను, అంతా సరిగ్గా ఉంది, మోగి తీరాలి. మోగించకుండానే ఇంటికెళ్ళి నిద్రపోయాను.

మర్నాడు మామయ్య వేషం వేసుకుని మరీ వచ్చాడు. నల్ల చొక్కా, ముఖానికి అడ్డంగా తువ్వాలు, కాళ్ళకు కొత్త బూట్లు. పిన్ని చూసి పగలబడి నవ్వింది. "ఏందన్నా, మేనకోడలు నిన్ను దొంగని చేసిందా?"

"దొంగ కాదమ్మా, శత్రువు. ఎక్కడో సరిహద్దు దాటి వచ్చా."

"సరిహద్దు దాటినోడివి అన్నం తినొచ్చావా, లేదా?"

"శత్రువుకు నువ్వు అన్నం పెడితే నిన్ను కూడా పట్టుకుపోతారు. ఆ మజ్జిగ పోయ్, చాలు."

కర్నల్ సారు సన్నగా, నిటారుగా ఉన్నారు, చేతిలో గొడుగు. కంచె పొడవునా నడిచి, ప్రతి పరికరాన్నీ వంగి చూసి, నన్ను పది ప్రశ్నలడిగారు. పదింటికీ జవాబు చెప్పాను. ఒక మేకను తోలమన్నారు. తోలాం, పెట్టె పలకలేదు. చీర ఆరేయమన్నారు. ఆరేశాం, పలకలేదు. పెద్ద సారు నావైపు చూసి కళ్ళతోనే నవ్వారు. "ఇప్పుడు మీ శత్రువును రమ్మనండి" అన్నారు కర్నల్ సారు. గుంటూరు కాలేజీలో నా బల్ల ఏ కిటికీ పక్కన వేయించుకోవాలా అని ఆ క్షణంలో నేను ఆలోచిస్తున్నానని ఒప్పుకోవాలి.

మామయ్య కంచె మీద కాలు పెట్టాడు. సైరన్ కూసింది. కూయడమంటే మామూలుగా కాదు, నేలలోంచి లేచి ఆకాశాన్ని చీల్చినట్టు కూసింది. నేను తయారు చేసిన పథకం ప్రకారం వాచ్‌మన్ బాబాయి కర్ర పుచ్చుకుని కంచె దగ్గరికి పరుగెత్తాలి. బాబాయి కర్ర అవతల పారేశాడు, ఒక చేత్తో పిన్నిని, రెండో చేత్తో పెద్ద సారు భుజాన్ని పట్టుకున్నాడు. "లోపలికి సారూ, లోపలికి! రాయి పడుద్ది!" అని అరుస్తూ ఇద్దరినీ కంట్రోల్ రూములోకి ఈడ్చుకుపోయాడు. పిన్ని చంకలో మజ్జిగ కుండ గుమ్మానికి తగిలి పగిలింది. పెద్ద సారు కళ్ళజోడు ఎగిరి పడింది. రోడ్డవతల మిరపకాయలు కోస్తున్న ఆడవాళ్ళు ట్రాక్టరు కిందికి దూరారు. సైకిలు మీద పోతున్నాయన సైకిలును వదిలేసి కల్వర్టు కిందికి దిగాడు.

ఇక్కడ మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. మాది క్వారీల నేల. రాతిలో తూటాలు పెట్టి పేల్చేముందు సైరన్ కూస్తారు. కూత వినపడితే మాలో ఎవరం ఆకాశంవైపు కూడా చూడం, గట్టి కప్పు ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తుతాం, పేలుడు అయ్యేదాకా బయటికి రాం. ఉగ్గుపాలతో నేర్చిన విద్య ఇది. సబ్‌స్టేషన్‌లో మిగతావన్నీ రేకుల కప్పులు, కంట్రోల్ రూముకు ఒక్కదానికే సిమెంటు శ్లాబు. బయటివాళ్ళెవరూ అడుగు పెట్టకూడదని తలుపు మీద ఎర్ర అక్షరాలతో రాసిన గది అది. నా నాలుగు నెలల శ్రమంతా ఆ గదిలోకి ఎవరూ చొరబడకూడదనే.

నేను ఎక్కడున్నానని మీరు అడగరని తెలుసు, అయినా చెబుతాను. అదే గదిలో, బల్ల కింద, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని. ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. నా చదువంతా బయట ఎండలో నిలబడి ఉండాలి, కాళ్ళు మాత్రం లోపలికి వచ్చేశాయి. అంతలో ఎవరో రొప్పుతూ నా పక్కకు దూరారు. "జరగవే అమ్మాయ్, కాస్త జరుగు." కంచె ఎక్కుతూ ఉన్న మామయ్య కూత వినగానే బయటికి దూకడానికి బదులు లోపలికి దూకి, తువ్వాలుతో సహా వచ్చేశాడు. నేను జరిగాను.

పేలుడు కోసం అందరం చెవులు మూసుకుని కూర్చున్నాం. పేలుడు లేదు. కూత మాత్రం ఆగడం లేదు.

"తూటా తుస్సుమన్నట్టుందే" అన్నాడు బాబాయి, లేవబోతూ.

"పోమాకయ్యా! తుస్సుమన్న తూటానే చానా పాడుది" అని పిన్ని ఆయన చొక్కా పట్టుకుని కూలేసింది.

"ఇయ్యాల ఏంది ఇంత ముందే పెట్టారు?" అని మామయ్య గొణిగాడు. "ఈ కూత మన పెద్ద క్వారీది కాదే. గొంతు తేడాగా ఉంది."

"కొత్త క్వారీ ఏదో తీసినట్టున్నారు మామయ్యా" అన్నాను నేను. అక్షరాలా అలాగే అన్నాను. ఆ సైరన్‌కు తీగలు బిగించిన చేతులతోనే చెవులు మూసుకుని అన్నాను.

అప్పుడు గుమ్మంలో వెలుగుకు అడ్డంగా గొడుగు కనిపించింది. కర్నల్ సారు వంగి బల్ల కిందికి చూశారు. "మిస్, ఈ సైరన్ ఆపడం ఎలా?" అని సైరన్‌ను మించి అరిచి అడిగారు. అది నేను బిగించిన సైరనే. పాక్కుంటూ వెళ్ళి మీట దించాను. ఆ నిశ్శబ్దంలో ఆయన ఒక్కొక్కరినీ విచారించారు.

"కాపలాదారు ఎక్కడ?"

"ఇక్కడే సార్" అన్నాడు బాబాయి.

"శత్రువు?"

మామయ్య తువ్వాలు తీయకుండానే చెయ్యెత్తాడు. "నేను కూడా ఇక్కడే సార్."

"ఇంజనీరు, ప్రొఫెసరు, అందరూ ఇక్కడే." ఆయన తలుపు గడియ మీద చెయ్యి వేశారు. "నేను ఇప్పుడు ఈ గడియ బయటినుంచి వేశాననుకోండి, సబ్‌స్టేషన్ నాదే కదా?"

ఎవరూ నవ్వలేదు, పిన్ని తప్ప. ఆవిడ నవ్వాక ఆగలేకపోయాం. పెద్ద సారు కూడా పగిలిన అద్దంలోంచి చూస్తూ నవ్వారు. కర్నల్ సారు మాత్రం నాతో విడిగా, మెల్లగా చెప్పారు: "నీ పెట్టె తప్పు చేయలేదమ్మా. మేకను మేక అంది, మనిషిని మనిషి అంది. అది పిలిస్తే ఎవరు వస్తారో మాత్రం నువ్వు కొలవలేదు. కొలిచి పిలువు, వస్తాను." అంటే సెప్టెంబరు. గుంటూరు వారు ఏప్రిల్ ఒకటిన వేరే ఆయన్ని తీసుకున్నారు. ఆ శుక్రవారం సాయంత్రమే ఇంటికెళ్ళి ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. మామయ్య వచ్చి, "నేను అటు దూకి ఉంటే సరిపోయేదేమోనే" అని, నాకంటే ఎక్కువ బాధపడ్డాడు.

ఆ వేసవిలో ఒకరోజు అన్నం తింటూ, రోడ్డు మీద అరుదుగా వచ్చే మాచర్ల బస్సు హారను వినపడి, చెయ్యి కూడా కడుక్కోకుండా బయటికి పరుగెత్తాను. ఆ రోజు నాకు ప్రయాణమే లేదు. ఇరుగుపొరుగంతా కూడా గుమ్మాల్లోకి వచ్చి నిలబడి ఉన్నారు. సెప్టెంబరులో సైరన్ స్థానంలో బస్సు హారను బిగించాను. మామయ్య కంచె ఎక్కాడు, హారను మోగింది, బాబాయి ఒక చేతిలో కర్రతో, రెండో చేతిలో బస్సెక్కేవాడిలా సంచితో ఊడిపడి శత్రువును నడుం దగ్గర పట్టుకున్నాడు. కర్నల్ సారు సంతకం పెట్టారు.

తర్వాత చానాళ్ళు పాఠాలు చెప్పాను, పెద్ద పెద్ద కంచెలకు సలహాలిచ్చాను, నా ముందు నిలబడ్డ విద్యార్థుల్ని పది ప్రశ్నలడిగాను. అయినా నన్ను నేను తలచుకుంటే కనపడేది ఆ బల్ల కింది ఇరవై నాలుగేళ్ళ పిల్లే. చెవులు మూసుకుని, కొత్త క్వారీ గురించి తెలిసినట్టు మాట్లాడుతూ, తన శత్రువుకు కాస్త చోటిచ్చి కూర్చుంది. ఇంత లెక్కల మనిషినై ఉండి కూడా, ఆ పిల్లను దిద్దాలని మాత్రం ఎన్నడూ అనిపించలేదు.

పోయినవి: గుంటూరు ఉద్యోగం ఒకటి. నెలలు ఆరు. పెద్ద సారు కళ్ళజోడులో ఎడమ అద్దం. మజ్జిగ కుండ ఒకటి, నిండుది. సైరన్ ఒకటి, దాన్ని మామయ్య అడిగి తీసుకుపోయి పెద్ద క్వారీలో పెట్టించాడు, అక్కడ దానికి వెంటనే ఉద్యోగం దొరికింది.