బుడాన్ వాటా

జోహరాబీకి కావలసింది ఒకే ఒక్క జెల్ల చేప. బజారులో బుట్టల్లో అమ్మేది వద్దు, చెరువుల్లో మేత వేసి పెంచింది అంతకంటే వద్దు. పొన్నూరు దగ్గర తమ ఊరి పొలాల నీళ్ళు దిగే డ్రెయిను కాలువలో పుట్టి పెరిగినదై ఉండాలి, తలకాయతో సహా ఉండాలి. భర్త బుడాన్ పోయి ఏడాది కావస్తోంది. వచ్చే శుక్రవారం ఫాతిహా. పోయినవాళ్ళకు ఇష్టమైనది వండి, ముందు పెట్టి చదివించడం వాళ్ళ ఇంటి ఆనవాయితీ. బుడాన్‌కు జెల్ల పులుసులో తలకాయంటే ప్రాణమని ఊరంతటికీ తెలుసు.

ముప్ఫై రెండేళ్ళ కాపురం వాళ్ళది. చీరాలలో మగ్గాల ఇంట నూలు కండెలు చుట్టుకునే పిల్ల, పద్దెనిమిదో ఏట ఈ ఊరికి కోడలిగా వచ్చింది. బుడాన్ గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలని పిలిచే మిరప బస్తాలు మోసేవాడు. సాయంత్రం బస్సు దిగి గడపలో అడుగు పెట్టాడంటే చాలు, ఒంటి మీది మిరప ఘాటుకు జోహరాబీకి తుమ్ములు మొదలయ్యేవి. "నీ తుమ్ము వినందే ఇంటికొచ్చినట్టుండదే," అనేవాడు. ఇప్పుడు సాయంత్రాలు ఆ బస్సు చప్పుడు వినబడగానే ఆమె ముక్కు దానంతటదే ఎదురుచూస్తుంది. ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ తుమ్మలేదు.

యార్డుకు సెలవు వచ్చిన రోజున అతను కాలువలో మావు పెట్టేవాడు. వెదురు పుల్లలతో అల్లిన బుట్ట అది. చేప లోపలికి పోవడానికి దారి ఉంటుంది, బయటికి ఉండదు. దొరికిన జెల్లను ఆమె మామిడికాయ వేసి పులుసు పెట్టేది. పిల్లలు కలగలేదు. తినేది ఇద్దరే. నడుము ముక్కలన్నీ ఆమె కంచంలోకి తోసి, తలకాయ మాత్రం తను లాక్కునేవాడు. "తలకాయ రుచి నీకేం తెలుసే, పిచ్చిదానా!" అంటూ వీధిలోకి వినబడేలా జుర్రుకునేవాడు. ఆయన దక్కనివ్వనిది ఏదో మహా రుచి అయి ఉంటుందని ఆమె కాస్త అలిగేది కూడా.

ఇప్పుడు ఆ కాలువలో జెల్ల కరువైంది. రెండేళ్ళ క్రితం వరదకు ఎక్కడి చెరువు గట్టు తెగిందో, ఎవరి తొట్టి బోర్లా పడిందో, పీతకున్నట్టు ఎర్రటి పెద్ద డెక్కలున్న కొత్తరకం రొయ్యలు వచ్చి చేరాయి. ఊళ్ళో వాటికి డెక్కల రొయ్య అని పేరు పెట్టారు. మొదట రొయ్యలొచ్చాయని మురిసిపోయిన వాళ్ళే, వలలు కొరికి పీలికలు చేశాక నోటికొచ్చినట్టు తిట్టారు.

పక్కింటి పున్నమ్మ కూతురు ఆరాధన గుంటూరులో జువాలజీ చదువుతోంది. ఆ పిల్ల వాటిని పట్టుకుపోయి కడుపులు కోసి, ఏం తింటున్నాయో రాసుకుంటూ ఉంటుంది.

"తిననిదేముంది పిన్నీ! నాచు, తూటికాడల వేళ్ళు, కుళ్ళిన గడ్డి, నత్తలు, చేపగుడ్లు. విడిచిన తన పెంకు తనే తినేస్తుంది. ఆకలేస్తే తన పిల్లల్నీ వదలదు."

"మా ఆయనే నయం, పిల్లల్ని వదిలేశాడు," అంది పున్నమ్మ.

మంగళవారం సాయంత్రం జోహరాబీ అటక మీది మావు దించి, దుమ్ము దులిపి, బుడాన్ పెట్టే చోటే తూటికాడల మధ్య ముంచి వచ్చింది. తెల్లవారి వెళ్ళి ఎత్తితే లోపల నాలుగు డెక్కల రొయ్యలు, ఒక జెల్ల తలకాయ, దాన్ని అంటుకుని నడుము ముల్లు ఉన్నాయి. గురువారం తెల్లవారీ అదే తంతు. దొంగలు బలిసి కూర్చున్నారు, చేప తలకాయ మిగిలింది. ఆమెకు ఏడుపొచ్చింది.

కూతురితో కలిసి వెంట వచ్చిన పున్నమ్మ మావులోకి తొంగిచూసి పకపకా నవ్వింది. "ఎందుకే ఏడుస్తావు? నీ మొగుడి వాటా ముట్టకుండా వదిలేశాయిగా!"

జోహరాబీ కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ తలకాయను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"అన్నీ తింటాయన్నావుగా అమ్మాయ్, మరి దీన్నెందుకు వదిలేశాయి?"

"జెల్ల తలకాయలో ఏముంటుంది పిన్నీ, చిప్పలాంటి ఎముక తప్ప? మెత్తటి కండ దొరికినంతసేపూ దాని జోలికి పోవు."

"మీ బాబాయి ఇష్టంగా తినేవాడే."

ఆరాధన తల్లి ముఖం చూసి మాట మార్చింది. ఒక ఉపాయం చెప్పింది. "పగలు గట్టు బొరియల్లో పడుకుంటాయి. పొద్దుగూకగానే తిండికి బయల్దేరతాయి. ముందు వాటి కడుపు నింపు పిన్నీ. అప్పుడు నీ చేప జోలికి రావేమో."

దొంగకు విందు పెట్టడమేమిటని జోహరాబీకి ఒళ్ళు మండింది. అయినా శుక్రవారం ముంచుకొచ్చేసింది. ముస్తాక్ కోళ్ళ దుకాణం నుంచి పేగులు తెచ్చి, అన్నం కలిపి, గోనెసంచిలో కట్టి, మావుకు యాభై అడుగుల అవతల నీళ్ళలో దించింది. ఎండ వాలుతుండగానే బొరియల నుంచి ఎర్రటి డెక్కలు ఒక్కొక్కటే ఆ సంచి వైపు సాగాయి. "తినండి, తిని చావండి," అని తిట్టి ఇంటికి వచ్చేసింది.

తెల్లవారి మావులో జానెడు జెల్ల, మీసాలతో సహా, ప్రాణంతో కొట్టుకుంటోంది.

మసీదు నుంచి ఇమాం హుస్సేన్ గారు వచ్చారు. జోహరాబీ ఊదు వెలిగించి, అన్నం, పులుసు ముందు పెట్టింది. ఆయన కూడా బుడాన్‌ను ఎరిగినవారే. పళ్ళెంలోకి చూసి ఆశ్చర్యపోయారు.

"నడుము ముక్క పెట్టావేంటమ్మా? బుడాన్ తలకాయ మనిషి కదా!"

"ఇవాళ తలకాయ నేను తింటానండీ," అంది జోహరాబీ.

చదవడం అయింది. ఆయన వెళ్ళిపోయాక ఆమె తలకాయ తన కంచంలో వేసుకుని, బుడాన్ కూర్చునే గోడకు ఎదురుగా కూర్చుంది. కొరికింది. పంటికి ఎముక తగిలింది. తిప్పి ఇంకోవైపు కొరికితే అక్కడా ఎముకే. అతను చేసినట్టే చప్పుడు చేస్తూ జుర్రి చూసింది. గుక్కెడు పులుసు వచ్చింది, అంతే. అది ఆమె పెట్టిన పులుసే. ఇంకేమీ లేదు అందులో.

ముప్ఫై రెండేళ్ళు.

"అబద్ధాలకోరువయ్యా నువ్వు," అంది గోడ వైపు చూసి. ఇప్పుడొక్కసారి ఆ మనిషి గడపలో నిలబడితే చాలు, బతిమాలైనా, పోట్లాడైనా తినిపిస్తుంది.

నడుము ముక్క ఉన్న పళ్ళెం గోడ వైపుకు జరిపి, "తిను," అంది.