మా పాప చూసిన పని

మా పాప పోయిందన్న కబురు నాకు ఇస్త్రీ బండి దగ్గర తెలిసింది. కిందటి నెల ఒక గురువారం, పదకొండు గంటలప్పుడు. ఫోను చేసింది పాపతో కలిసి చదివే స్నేహితురాలు. "ఆంటీ, మీరు రండి ఆంటీ" అని మాత్రం అన్నది. ఏమైందంటే ఏడుపు. పక్కన ఎవరో ఆ పిల్ల చేతిలోంచి ఫోను లాక్కుని పెట్టేశారు. ఆ తర్వాత నాకు ఇంకెవరూ ఫోను చేయలేదు. ఎందుకు చేయలేదని తర్వాత అడిగితే, కంపెనీవాళ్లు చెప్పి ఉంటారనుకున్నాం అని బడిలో అన్నారు, బడివాళ్లు చెప్పి ఉంటారనుకున్నాం అని కంపెనీలో అన్నారు. ఏ ఆసుపత్రో వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ నేను చేరేసరికి నా బిడ్డ మీద గుడ్డ కప్పేసి ఉంది.

పదహారేళ్లు దానికి. అమ్మాయిల బడిలో ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, కరెంటు పని నేర్పే గ్రూపు. పిల్లలకు చదువుతో పాటు పని అనుభవం కూడా రావాలని ఆ బడికీ, అంబత్తూరు ఫ్యాక్టరీల ఎస్టేటులో మోటారు బండ్ల సామాన్లు చేసే ఒక కంపెనీకీ ఒప్పందం జరిగింది. ఎనిమిది మంది పిల్లలు నెల రోజులు ఆ కంపెనీకి పోవాలి, ఆఖరున సర్టిఫికెట్ ఇస్తారు. మూడో వారంలో, సామాన్లు కడిగే మిషను దగ్గర షాక్ కొట్టి మా పాప చచ్చిపోయింది. మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు, అందుకే చదివేవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను.

తాతల కాలం నుంచి మేము మద్రాసులోనే ఉన్నాం. నేను కార్పొరేషన్ తెలుగు బడిలో ఐదో తరగతి దాకా చదివాను. తమిళం మాట్లాడతాను, చదవడం రాదు. పాప తమిళంలో చదువుకుంది. ఇంట్లో తెలుగు మాట్లాడేది, కానీ ఒక్క అక్షరం రాయలేదు. దాని రాతలు నేను చదవలేను, నా రాతలు అది చదవలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా ఆ మాటే గుచ్చుకుంటుంది.

మాది కొరట్టూరులో ఒక అపార్ట్‌మెంటు గోడ పక్కన ఇస్త్రీ బండి. పెళ్లయినప్పటి నుంచి బొగ్గుల పెట్టే తోశాను. రెండేళ్ల కింద కరెంటు పెట్టె కొన్నాం. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ లోపలి నుంచి వైరు లాగి ఇచ్చాడు. ఆ సాయంత్రం పాప బడి నుంచి వచ్చి, సంచీ కూడా దించకుండా ప్లగ్గు పీకి చేతిలో పెట్టుకుని చూసింది.

"ఇది ఎవరు బిగించినారుమా?"

"వాచ్‌మన్ తాత."

"తాతకు రెండు కాళ్లే తెలుసు. మూడో కాలికి వైరే ఇవ్వలా."

"రెండింటితోనే కాలతా ఉండాది కదా. మూడోది ఎందుకు?"

"నేను తల్లిలేని పిల్ల కాకుండా ఉండేదానికి."

నవ్వుతూనే అన్నది. కానీ రెండు రోజులు నన్ను ఆ పెట్టె ముట్టనివ్వలేదు. మళ్లీ బొగ్గులు రాజేసుకున్నాను. మూడో రోజు వాళ్ల నాయనతో వైరు తెప్పించి, వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని మెయిన్ ఆపించి, ఆ మూడో కాలికి ఎర్త్ వైరు తానే బిగించింది. "రేయ్, ఇదేందిరా, మీ పాప నాకే పాఠం చెప్తా ఉండాది" అని ఆ ముసలాయన మా ఆయన దగ్గర మొరపెట్టుకున్నాడు. అప్పటి నుంచి రోజూ పొద్దున బడికి పోయే ముందు బండి దగ్గరికి వచ్చి టెస్టర్ పెట్టి చూసేది. నా కాళ్ల వంక చూసేది. "చెప్పులేసుకోమా. కరెంటుకు మన తన తెలీదు" అనేది. టెస్టర్ పెట్టుకోవడానికి చోటు లేక జడలో గుచ్చుకుని తిరిగేది. ఒకసారి అట్లాగే పెళ్లికి వచ్చేసింది. మా ఆడపడుచు చూసి, "ఏమే, కనకాంబరాలు దొరకలేదా?" అని అడిగితే, "ఇది వాడదత్తా" అన్నది.

ఇంట్లో అంత జాగ్రత్తగా ఉండే పిల్లను ఇప్పుడు కంపెనీవాళ్లు ఏమంటున్నారో తెలుసా? ఎవరూ చెప్పకుండా తనంతట తానే పోయి మిషను ముట్టుకుంది అంటున్నారు. చూడ్డానికి వచ్చిన పిల్ల, ఆటగా చేయి పెట్టింది అంటున్నారు.

మొదటి రోజు కంపెనీలో ఒక గంట క్లాసు, టీ, బిస్కెట్టు, టోపీ పెట్టి ఫోటో. ఆ ఫోటోనే పెద్ద బ్యానరు చేసి బడి గేటుకు కట్టారు. రెండో రోజు నుంచి పిల్లలను కడిగే సెక్షనులో నిలబెట్టారు. నూనె పట్టిన ఇనప సామాన్లను జల్లెడ గంపల్లో పెట్టి, నూనె వదిలించే ఘాటు సోడా నీళ్ల మిషనులోకి తోయాలి, అవతల చేత్తో తీసి ఆరబెట్టాలి. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం అయిదున్నర దాకా.

"కరెంటు గ్రూపుకు గిన్నెలు కడిగేది నేర్పిస్తా ఉండారా?" అని అడిగాను.

"అట్నే ఉండాదిమా. ఆడ నలుగురు కాంట్రాక్టు అక్కలు ఉండినారు. మేము పోయిన మరునాడే వాండ్లను పనిలోంచి నిలిపేసినారు. ఒక అక్క పోతా పోతా నా తల నిమిరింది. నాకే ఒక మాదిరిగా ఉండింది."

దానికి అర్థమైంది. నాకు అర్థం కాలేదు. సర్టిఫికెట్ వస్తుంది, ఊరుకో అన్నాను.

రెండో ఆదివారం అన్నం తింటూ చెప్పింది. "ఆ మిషనుకు ఎర్త్ లేదుమా. గంప తోస్తే చేతికి జిల్లుమంటా ఉండాది. సూపర్వైజరుకు చెప్తే, వచ్చింది నేర్చుకునేదానికా, నేర్పించేదానికా అన్నాడు. బడిలో మా గ్రూపు సార్‌కు చెప్పినాను."

"సార్ ఏమన్నాడు?"

"మనం పేచీ పెడితే వచ్చే ఏడు మన బడి పిల్లల్ని తీసుకోరు, నెల రోజులు సర్దుకోండి అన్నాడు. పని చెయ్యనన్నవాళ్లకు సర్టిఫికెట్ ఉండదంట."

అప్పుడు నేను ఏమన్నానో రాయకపోతే ఈ రాతంతా అబద్ధం అవుతుంది. "అంత పెద్ద కంపెనీ వాండ్లకు తెలీదా? నీ పని నువ్వు చూసుకో" అన్నాను. దాని కంచంలో ఇంకో గరిటె చారు పోశాను. అది సరిమా అని తల ఊపింది. ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎర్త్ లేని ఇస్త్రీపెట్టెను నన్ను ముట్టనివ్వని పిల్ల, నేను చెప్పానని పోయి ఆ మిషను ముట్టుకుంది. సూపర్వైజరు మీద నాకు ఎంత కోపం ఉందో, ఆ సార్ మీద ఎంత ఉందో, ఆ చారు గరిటె పట్టుకున్న నా చేతి మీద అంతే ఉంది.

దహనం అయిన తొమ్మిదో రోజు బడి గేటు ముందు నుంచి పోతూ చూస్తే బ్యానరు అట్లాగే ఉంది. టోపీ పెట్టుకుని ఎనిమిది మంది, ఎడమ నుంచి మూడోది మా పాప. కింద పెద్ద అక్షరాలు. మా ఆయన చదివి చెప్పాడు, వచ్చే ఏటికి ఆ గ్రూపులో చేరండి అని పిలుపు. లోపలికి పోయి అడిగితే, నిచ్చెన వేసే మనిషి లీవులో ఉన్నాడన్నారు. మా ఆయన తను నడిపే లోడ్ ఆటోను గోడకు ఆనించి, దాని మీదికెక్కి కత్తితో తాళ్లు కోసి దించాడు. బడి వాచ్‌మన్ వద్దు వద్దంటూనే కింద నుంచి పట్టుకున్నాడు.

పదహారో రోజు మా ఇద్దరినీ బడిలో హెడ్‌మిస్ గదికి పిలిపించారు. అంతకుముందే పాప రాసుకున్న పని డైరీని, మా ఆయన ఒకసారి చదువుకున్నాక, బడివాళ్లు తీసుకున్నారు. ఏ రోజు ఏం చేశారో పిల్లలు అందులో రాయాలి. ఆ గదిలో హెడ్‌మిస్, కరెంటు గ్రూపు సార్, కంపెనీ నుంచి ఒక ఆఫీసరు ఉన్నారు. బల్ల మీద ఇంగ్లీషు కాగితం. సంతకం పెడితే బడి ఫైలు, కంపెనీ ఫైలు రెండూ ముగిసిపోతాయన్నారు.

"ఏం రాసుందో చెప్పండి" అన్నాను.

ఆఫీసరు తమిళంలో చెప్పాడు. పిల్లలు పని గమనించడానికి మాత్రమే వచ్చారు, మీ పాప ఎవరి అనుమతీ లేకుండా మిషను ముట్టుకుంది. దానికి సాక్ష్యం మీ పాప డైరీనే. తను వచ్చి పని చూశానని రోజూ తనే రాసింది, మేము ఇంగ్లీషులోకి మార్పించాం అన్నాడు.

మా ఆయన ఎప్పుడూ గొంతు ఎత్తే మనిషి కాదు. "అది 'వేలై పార్త్తేన్' అని రాసింది సార్" అన్నాడు.

"అదే కదా. పార్త్తేన్ అంటే చూశాను."

చదివేవాళ్లలో తమిళం తెలియనివాళ్లు ఉంటారు, వాళ్లకోసం చెప్తున్నాను. వేలై అంటే పని. పార్త్తేన్ అంటే చూశాను. కానీ ఈ ఊళ్లో ఉద్యోగం చేసేవాడు ఎవడైనా, కూలికి పోయేవాడు ఎవడైనా, పని చేస్తున్నాననడు, వేలై పాక్కిరేన్ అంటాడు. పని చూస్తున్నాను అని. మద్రాసు తెలుగువాళ్లం మేము కూడా అంతే, మీవాడు ఏడ పని చూస్తాడు అని అడుగుతాం. చూడటం అంటే మాకు చెమట కార్చడమే. నా బిడ్డ తన భాషలో నిజమే రాసింది. ఆ నిజాన్ని ఇంగ్లీషులోకి తీసుకుపోయి, చేతులు కట్టుకుని నిలబడి చూసింది అని మార్చేశారు. అక్కడున్న ముగ్గురూ తమిళం పుట్టిన ఇళ్లలో పుట్టినవాళ్లే. వాళ్లకు తెలియక కాదు.

నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. ఆ ఆఫీసరును అడిగాను, "సార్, నీంగ ఎంగ వేలై పాక్కిరీంగ?" మీరు ఎక్కడ పని చూస్తున్నారు అని.

ఆయన ఆలోచించకుండా జవాబు చెప్పేశాడు. "ఇంగ దాన్‌మా. పదినాలు వరుషమా ఇంద కంపెనీల దాన్ వేలై పాక్కిరేన్." ఇక్కడే, పద్నాలుగేళ్లుగా ఈ కంపెనీలోనే పని చూస్తున్నాను అన్నాడు.

"పద్నాలుగేళ్లుగా ఊరికే చూస్తా ఉండారా సార్? చూసినందుకే జీతం ఇస్తా ఉండారా?"

ఆయన ముఖం ఎర్రగా అయింది. "అమ్మా, దుఃఖంలో ఉన్నారు. మాటలతో ఆడుకోవద్దు" అన్నాడు.

"ఆడింది మీరు" అన్నాను. "నా బిడ్డ మీకు రెండు వారాలపైన పని చేసింది. పని చేస్తా ఉంటే చనిపోయింది. ఆ నాలుగు మాటలు తమిళంలో రాయండి, నాకు చదివి వినిపించండి. అప్పుడు పెడతాను సంతకం."

ఆ రోజు పెట్టలేదు. ఇది రాసే రోజు దాకా పెట్టలేదు. సార్ మాత్రం రెండుసార్లు ఇంటికి వచ్చాడు, మీరు మొండికేస్తే మిగతా పిల్లలకు సర్టిఫికెట్లు ఆగిపోతాయి అని. మళ్లీ అదే మాట. నా బిడ్డకు చెప్పిన మాటే నాకూ చెప్తున్నాడు. ఈసారి నేను తల ఊపలేదు.

ఆయన చెప్పే ఆ మిగతా పిల్లలు, మమ్మల్ని పిలిపించిన ఆ రోజు, గది బయట వరండాలోనే ఉన్నారు. ఎవరు పిలిచారో తెలియదు. నాకు ఫోను చేసిన పిల్ల ముందు లోపలికి వచ్చింది, వెనకాల ఆరుగురు. సార్ లేచి, "ఏయ్, క్లాసుకు పోండి" అన్నాడు. ఒక్కరూ కదల్లేదు. ఆ పిల్ల నా వంక చూడలేదు, ఏడవలేదు. బల్ల దగ్గరికి వచ్చి రెండు అరచేతులూ తిప్పి కాగితం పక్కన పెట్టింది. మిగతావాళ్లూ ఒకరి పక్కన ఒకరు దూరి పెట్టారు. పద్నాలుగు చేతులు. వేళ్ల చివర్లు తోలు ఊడి ఎర్రగా, చంటిబిడ్డ చర్మంలా కొత్తగా ఉన్నాయి. గోళ్ల సందుల్లో నల్లటి నూనె ఇంకా పోలేదు.

"ఏందిది?" అని హెడ్‌మిస్ చిన్నగా అడిగింది.

"సోడా నీళ్లు మిస్" అన్నది ఆ పిల్ల.

కొందరు పిల్లలకు చోటు చాలక చేతులు ఒకరి మీద ఒకరు పెట్టుకున్నారు. ఆఫీసరు తన కాగితానికి ఆ చేతులు తగలకుండా, రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా తన వైపు లాక్కున్నాడు.