మెట్ల మీద చెంబెడు నీళ్లు

నా చిన్నప్పుడు జనగామలోని మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ మర్యాద దక్కింది మనుషులకు కాదు, టేకు మెట్లకు. కింద కిరాణం దుకాణం, దాని వెనక వంటిల్లు, పైన చెక్క పలకలు పరిచిన మేడ. దేవుని అర్ర ఆ మేడ మీదే ఉండేది. మహదేవపూర్ అడవి నుంచి దుంగలు తెప్పించి మా తాతయ్య వాళ్ల నాయన చేయించిన మెట్లవి. వాటి మీద చెప్పులతో ఎక్కకూడదు, పరుగెత్తకూడదు, చేతిలో బెల్లం ముక్క పట్టుకుని కూర్చోకూడదు. పిల్లలం మా సొంత ఇంట్లోనే దొంగల్లాగా ఎక్కి దిగేవాళ్లం.

ఎంత కాపలా కాసినా కాళ్లు కాళ్లే కదా. ఏళ్ల తరబడి తొక్కిన చోట మెరుపు పోయి, మెట్ల నడుమ చెక్క బూడిదరంగుకు తిరిగింది. అంచుల్లో మాత్రం పాత పూత నల్లగా అట్టకట్టుకుపోయింది. ఆ ఏడాది, మా బాబాయి పెళ్లయ్యాక తొలిసారి, చిన్నమ్మ తల్లిదండ్రులు మా ఇంటికి వస్తున్నామని కబురు పంపారు. ఆ కబురు అందగానే తాతయ్య దుకాణం బాబాయికి వదిలేసి మెట్ల ముందు కూర్చున్నాడు. పనివాళ్లను పిలుద్దామంటే ఒప్పుకోలేదు. పగిలిన సీసా ముక్కలతో పాత పూతంతా గీకాడు. గరుకు కాగితంతో రుద్దాడు. లక్క రేకులు స్పిరిట్‌లో నానబెట్టి, దూదిని గుడ్డలో చుట్టి, ఆ ఉండతో పూత మీద పూత వేశాడు. నడుము పట్టేసి రాత్రిళ్లు మూలిగేవాడు గాని పొద్దున్నే మళ్లీ అక్కడే ఉండేవాడు. చివరి పూత ఆరిన సాయంత్రం మా అందరినీ పిలిచి చూపించాడు. చెక్క తేనె రంగులో మెరిసింది. మా తాతయ్య ముఖం అంతకన్నా ఎక్కువ మెరిసింది.

చిన్నమ్మ గురించి చెప్పాలి. బాబాయి పెళ్లి చేసుకుని తెచ్చిన అమ్మాయి. టేకుమట్ల దగ్గర పల్లె, తండ్రికి అక్కడ ఓ చిన్న దుకాణం, పేడతో అలికిన మట్టిల్లు. నాకు జడలు వేసేది, కథలు చెప్పేది, నేను కింద పారేసిన మెతుకులు బాపమ్మ కంట పడకముందే ఏరేసేది. నాయనమ్మను మేం బాపమ్మ అనేవాళ్లం. ఆమెకు మాత్రం చిన్నమ్మ ఏం చేసినా తప్పే. గిన్నె చప్పుడైతే తప్పు, చప్పుడు కాకపోతే పని చేయడం లేదని తప్పు. వియ్యాలవారు వస్తున్నారని తెలిసిన నాటి నుంచి బాపమ్మ ఒకటే పాట పాడింది. పిల్లను వాళ్ల వెంటే పంపిస్తానని, పని వచ్చాకే తీసుకురమ్మంటానని ఊరంతా వినేలా అనేది. చిన్నమ్మ తల దించుకుని వినేది. బాబాయి నోట్లో నాలుక లేనట్టే ఉండేవాడు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కొంచెం కోపం ఉంది.

వియ్యాలవారు వచ్చే రోజు శుక్రవారం అయింది. చిన్నమ్మ అందరికన్నా ముందు లేచి, తలస్నానం చేసి, వీధి గడప కడిగి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. ఆమె పుట్టింట్లో మెట్లు లేవు, మేడ లేదు. దేవుడు పైన ఉన్నాడు కాబట్టి మొదటి మెట్టు దేవుని ఇంటికి గడపే కదా అనుకుంది. పసుపు చిక్కగా కలుపుకొచ్చి, కొత్త పూత మీద, ఆ చివర నుంచి ఈ చివర దాకా భక్తిగా పులిమేసింది.

లక్కకు నీళ్లు పడవు. పసుపు ఆరుతుంటే దాని చుట్టూ తెల్లటి పొర లేచింది. ఆమె భయపడి తడిగుడ్డతో తుడిచింది. తుడిచినకొద్దీ తెలుపు ఇంకా పాకింది. నేను నిద్ర లేచి వచ్చేసరికి చిన్నమ్మ మెట్టు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. పచ్చటి చేతులు, వాటిలో పిండిన గుడ్డ. ఆమె తలెత్తి నా వంక చూసింది.

బాపమ్మ రానే వచ్చింది. ఆ తర్వాత ఆమె అన్నవన్నీ ఇక్కడ రాయను, చిన్నమ్మ పుట్టిల్లూ పెంపకమూ ఏదీ మిగల్లేదని మాత్రం చెబుతాను. ఆ గోలకు దుకాణంలోంచి బాబాయి, వంటింట్లోంచి మా అమ్మ వచ్చి నిలబడ్డారు. అప్పుడే తాతయ్య స్నానం చేసి, పూజకు రాగి చెంబుతో నీళ్లు పట్టుకుని వచ్చాడు.

"సూడుండ్రి మీ చిన్నకోడలి నిర్వాకం. ఇయ్యాల దీన్ని అవ్వనాయినతోని పంపుతరా లేదా?" అంది బాపమ్మ.

తాతయ్య మెట్టు చూశాడు. చిన్నమ్మ చేతులు చూశాడు. పిడుగు పడబోతోందని నేను మా అమ్మ కొంగు పట్టుకున్నాను. ఆయన పసుపు దాటుకుని మెట్లెక్కి పైకి పోయాడు. దేవుని దగ్గరికే పోతున్నాడనుకున్నాం. పైమెట్టు మీద ఆగి, మా వైపు తిరిగి, చెంబులోని నీళ్లన్నీ మెట్ల మీద ఒంపేశాడు.

ఆ నీళ్లు ఒక్కో మెట్టూ దిగి వచ్చిన చప్పుడు ఈ వయసులోనూ నా చెవుల్లో ఉంది. తాతయ్యకు మతి పోయిందనుకున్నాను నేను. అన్ని రోజులు నడుము విరగ్గొట్టుకుని చేసిన పని, కోపంలో కూడా కాదు, చెట్టుకు నీళ్లు పోసినంత నిమ్మళంగా పాడు చేశాడు.

"ఇంకో చెంబు తెండ్రి," అన్నాడు పైనుంచి.

పరుగెత్తింది బాబాయి. చెంబు కాదు, బకెట్ తెచ్చాడు. ఎవరి వంకా చూడకుండా, పొడిగా మిగిలిన మెట్లను తన చేతులతోనే తడిపాడు. ఆ మనిషి మీద నా కోపంలో సగం ఆ పూటే పోయింది.

కాసేపటికి అన్ని మెట్లూ ఒకేలా తెల్లబడ్డాయి. మొదటి మెట్టుకూ మిగతావాటికీ తేడా లేదు. బాపమ్మ నెత్తిన చేయి పెట్టుకుని కూలబడింది. తాతయ్య గోడ పట్టుకుని మెల్లగా దిగి వచ్చి, "శుక్కురారం పసుపు రాసే ఇంట్ల నీళ్లకు ఆగని పాలిష్ ఏసిన. తప్పు నాది," అన్నాడు. చిన్నమ్మ పచ్చటి చేతులతోనే ముఖం కప్పుకుని ఏడ్చింది.

మధ్యాహ్నానికి వియ్యాలవారు వచ్చారు. తాతయ్య ఎదురెళ్లి, చిన్నమ్మ తండ్రిని చేయి పట్టుకుని మెట్ల దాకా తెచ్చాడు.

"జర పైలంగ, సూస్కుంట ఎక్కు బావా. పాలిష్ నేనే ఖరాబ్ చేసిన."

ఆయన ఆ తెల్లటి మెట్లను చూశాడు. మొదటి మెట్టు మీద మిగిలిన పసుపు చూశాడు. తలుపు చాటున నిలబడ్డ కూతురి చేతులు చూశాడు. వంగి ఆ పసుపును తాకి కళ్లకద్దుకుని, అప్పుడు పైకి అడుగు వేశాడు. మా తాతయ్య పక్కకు తిరిగి, ఉన్నట్టుండి గోడ మీద ఏదో పని ఉన్నట్టు చూస్తూ నిలబడ్డాడు. సాయంత్రం వాళ్లు ఊరికి బయలుదేరినప్పుడు చిన్నమ్మ వీధి గడప దగ్గర నిలబడి సాగనంపింది. ఆమెను వెంట పంపే మాట బాపమ్మ ఎత్తలేదు. ఎత్తడానికి ఆమెకు దారి మిగల్లేదు.

తర్వాత తాతయ్య మళ్లీ సీసా ముక్కలు పట్టుకున్నాడు. ఈసారి బాబాయి, చిన్నమ్మ కూడా కూర్చున్నారు. లక్క మానేసి, వేడి చేసిన అవిసె నూనె పట్టించారు. మునుపటి మెరుపు రాలేదు గాని నీళ్లు పడినా తుడిస్తే పోయేవి. మొదటి మెట్టుకు నూనె కూడా పూయలేదు, దాన్ని పసుపుకే వదిలేశారు. బాపమ్మ చాలా రోజులు తాతయ్యతో మాట్లాడలేదు, కూరలో ఉప్పు మాత్రం ఎక్కువ వేసింది. చివరికి ఒక శుక్రవారం పొద్దున మెట్టుకు పసుపు పెట్టావా అని చిన్నమ్మను ఆమే అడిగింది.

ఈ ఎండాకాలం మా తమ్ముడి కొడుకులు ఆ మెట్లకు మళ్లీ పాలిష్ చేయించారు. ఇప్పుడు మెషిన్లు వచ్చాయి, గీకడానికి గాజు ముక్కలు అక్కర్లేదు. మొదటి మెట్టు ఎంత గీకినా పచ్చదనం పోవడం లేదని, ఇంకా లోతుకు గీకమంటారా అని పనాయన అడిగాడు. చిన్నమ్మ కుర్చీలో కూర్చుని ఉంది, ఆమెకు ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. దాన్ని అలాగే వదిలేయమని నేనే చెప్పాను.

ఆనాటి అదురు నన్ను ఇంకా వదల్లేదు. ఇంట్లో ఏదైనా పగిలిన చప్పుడైతే, ఎవరది అని కేకేయబోయి ఇప్పటికీ ఆగిపోతాను. తాతయ్య చేతిలోని చెంబు గుర్తొచ్చి, ముందు నా చేతిలో ఏముందో చూసుకుంటాను.