బస్సు కోసం ఉరకనన్న వదిన

మొన్న కూరగాయలకు వెళ్తుంటే మా కాలనీ మూల మీద, బస్సు ఆగే చోట, నీడకోసం రేకుల కప్పు వేస్తున్నారు. పనివాళ్లలో ఒకాయన చెమట తుడుచుకుంటూ, "అమ్మా, ఈడ బస్టాపు ఎప్పటిసంది ఉన్నది?" అని అడిగాడు. "మా వదిన పెట్టినప్పటిసంది" అన్నాను. నేను జోకు వేశాననుకుని నవ్వాడు. నిజమే చెప్పాను.

వదిన మా అన్నను చేసుకుని జహీరాబాద్ వచ్చిన కొత్తలో మొగుడంపల్లి దిక్కు ఒక ఊళ్లో టీచరు. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న నేను రోజూ పొద్దున ఆమె సంచి పట్టుకుని ఈ మూల దాకా వచ్చేదాన్ని. బస్సు ఇక్కడ ఆగాలి గానీ, ఎప్పుడూ మమ్మల్ని దాటి చాలా దూరం పోయి, రోజుకో చోట ఆగేది. అది కనబడగానే జనమంతా ఉరుకుడే. టిఫిన్ డబ్బాలు గలగలమనేవి, ముసలమ్మలు చెప్పులు చేతబట్టుకునేవారు. ఎండలాగా, వానలాగా అదీ ఒకటని మేమెవరం దాన్ని పట్టించుకోలేదు. మొదట్లో వదినే అందరికంటే ముందు బస్సెక్కేది.

ఒక సోమవారం ఆమె కదలలేదు. "ఉరుకు వదినా!" అని నేను అరిస్తే, "ఉరుకను. బస్సే రావాలె నా కాడికి" అంది. బస్సు వెళ్లిపోయింది. మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. జనం తక్కువగా ఉండే తర్వాతి బస్సును నడిచే అందుకుని ఆలస్యంగా చేరుతుంటే, ఇంకొక్కసారి ఇట్లయితే పైకి రాస్తానని హెడ్మాస్టరు అన్నాడట. ఇదేం పంతమని నేను విసుక్కుంటే దారిలో మెల్లగా చెప్పింది. "మూడో నెల. నిరుడు ఒకటి పోయిందని నీకు ఎరుకేగద. డాక్టరమ్మ ఉరుకద్దన్నది." సంచితో పాటు ఆమె చెయ్యి కూడా పట్టుకుని నడిచాను. అన్న సెలవు పెట్టమన్నాడు. "నా తర్వాత ఇంకొకామె రాదా? ఆమె గూడ సెలవు పెట్టాల్నా?" అని వదిన అడిగితే, అన్న పేపరు తీసి చదవడం మొదలుపెట్టాడు.

మర్నాడు ఆటోలో బస్టాండుకే పోయి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. ఆయన్ను కడిగేద్దామనే ఎక్కిందట. మా మూల రాగానే రోజూ ఉరకకుండా నిలబడే ఆమెను గుర్తుపట్టి ఆయనే ముందు అందుకున్నాడు. "టీచరమ్మా, నాకేమన్న శౌకా ముందటికి పోవుడు? ఆపేతందుకు జాగ యాడున్నది, సూడున్రి!" ముందు అద్దంలోంచి చూస్తే అంతా అర్థమైంది. చాయ్ హోటల్ బెంచీలు రోడ్డు మీదికి వచ్చాయి, వాటి పక్కనే అల్లం మూటలు ఎక్కించే లారీలు వరసగా నిలబడ్డాయి. ఇన్నాళ్లూ పాపం ఆయన్ను తిట్టుకున్నానని సాయంత్రం ఇంటికొచ్చి పడీపడీ నవ్వింది.

ఆదివారం పొద్దున్నే నన్ను వెంటేసుకుని చాయ్ హోటల్‌కు పోయింది. హోటలాయన మంచివాడు. "బెంచీలు ఎనకకు జరుపుత బిడ్డా. లారోళ్లకు ఎవలు చెప్తరు?" అన్నాడు. "నేనే చెప్త" అంది వదిన. వదిన తల్లిగారిల్లు బీదర్ దిక్కు, ఆ లారీలూ అటువైపువే. మొదటి లారీ డ్రైవరుతో కన్నడంలో ఏదో మాట్లాడింది. అతను క్యాబిన్ దిగి, తల గోక్కుని, బండి వెనక్కి తీయడమే కాకుండా మిగతావాళ్లకూ తనే పోయి చెప్పాడు. ఏమన్నావని అడిగితే, "మీ అక్క రోజూ ఇట్ల ఉరుకుతుంటే సూస్తవా అని అడిగిన, గంతే" అంది. తర్వాత సున్నం బకెట్టు నా చేతికిచ్చి రోడ్డు పక్కన బస్సంత పొడుగు గీత గీయమంది. నేను గీసింది చూసి, "ముగ్గు గూడ గింత వంకరనేనా?" అని హోటలాయన ముందే నా పరువు తీసింది.

సోమవారం బస్సు వచ్చింది. అలవాటు కొద్దీ జనం ఉరికారు. బస్సు మాత్రం మెల్లగా పక్కకు తిరిగి, సరిగ్గా గీత పక్కన, వదిన ముందు ఆగింది. ఉరికినవాళ్లంతా నవ్వుకుంటూ వెనక్కి వచ్చారు. డ్రైవరు "ఎక్కున్రి టీచరమ్మా, ఫికర్ లేదు" అన్నాడు. వదిన మహారాణిలా ఎక్కింది. ఎక్కాక కిటికీలోంచి నాకు చెయ్యి ఊపుతూ కళ్లు తుడుచుకుంది.

ఆడపిల్ల పుట్టింది. ఆ తర్వాత వదినకు వేరే ఊరికి బదిలీ అయి, ఈ బస్సుతో పని లేకుండా పోయింది. సున్నం గీత రెండు వానలకే చెరిగింది. డ్రైవర్లూ మారారు. ఎవరు చెప్పారో తెలియకుండానే కొత్తవాళ్లూ అక్కడే ఆపుతున్నారు. ఒకప్పుడు ఇక్కడ ఉరికేవాళ్లమంటే మా మేనకోడలే నమ్మదు. కష్టపడి తెచ్చుకున్న సుఖం కొన్నేళ్లకు మొదటినుంచీ ఉన్నట్టే అయిపోతుంది. కాలం చేసే పనుల్లో నాకు నచ్చింది ఇదొక్కటే.