మనామా బజారులో చిలకపచ్చ మఖ్మల్

డిసెంబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి బహ్రెయిన్‌లో మేముండే హిద్ ఊళ్లో మనామా బస్సెక్కాను. మర్నాడు రాత్రి ఇంటికి విమానం. మా ఆవిడ సుజాత తన చీర అంచు నుంచి కత్తిరించి పంపిన చిలకపచ్చ ముక్క జేబులో ఉంది. దానికి సరిపోయే మఖ్మల్ జాకెట్టు గుడ్డ కొనాలి. పోయిన సెలవుకు మరిచిపోయి, దొరకలేదని అబద్ధమాడాను. ఈసారి ఆ మాట చెల్లదు.

పక్కన నాతో షిప్‌యార్డులో పనిచేసే యేసురత్నం, కాకినాడ మనిషి. మనామా బజారులో యూదుల బట్టల కొట్టుందని విన్నప్పటి నుంచి అతనికి ఒకటే ఆరాటం.

"బైబిల్లో చదివినోళ్లు గజంబద్ద పట్టుకుని కూర్చుంటారంటే చూడొద్దా అన్నా?"

మలయాళీ హోటల్లో పరోటా, చాయ్ ముగించేసరికి మూడు దాటింది. ఇరుకు సందులో అత్తరు దుకాణం పక్కనే ఆ కొట్టు. లోపల తెల్లచొక్కా ముసలాయన, బొంబాయి హిందీ.

"సేఠ్, మీది ఏ దేశం?" అన్నాను.

"తాత బాగ్దాద్ నుంచి వచ్చాడు, గుడ్డలు బొంబాయి నుంచి. నేనిక్కడే పుట్టాను. పరదేశివి నువ్వే భాయ్."

ముక్క చూసి, తడుముకోకుండా పైఅరలోంచి మఖ్మల్ తాను ఒకటి దించాడు. అచ్చం అదే పచ్చ. ఆయన చెప్పిన ధరకు నేను సగం అన్నాను.

"ఒకటే మాట. త్వరగా తేల్చు, ఇవాళ పెందలాడే కట్టేయాలి."

అదీ బేరంలో ఎత్తే అనుకున్నాను. నాకు తెలిసిన విద్య ఒకటే, లేచి నడవడం. వెనక్కి పిలవని దుకాణదారుణ్ణి అప్పటిదాకా చూడలేదు. సందు చివరిదాకా నడిచాను. పిలుపు రాలేదు. పంతానికి ఇంకో చాయ్ తాగాను.

"శుక్రవారం పొద్దుగూకితే వాళ్లకి విశ్రాంతి దినం అన్నా," అన్నాడు యేసురత్నం తాపీగా. "రేపంతా కొట్టు తీయరు."

"ముందుగాల చెప్పొద్దారా!"

"అంత దర్జాగా నడుస్తుంటే ఆపబుద్ధి కాలేదు."

పరుగెత్తాం. షట్టరు దించేసి ఉంది. ఆదివారం ఆయన కొట్టు తీసేసరికి నేను సుజాత ముందుంటాను, మళ్లీ ఆ పాత అబద్ధంతోనే.

అత్తరు దుకాణం అరబ్బు నవ్వుతూ పొట్లం ఎత్తి చూపాడు.

"వెళ్తూ వెళ్తూ నాకు అమ్మేశాడు. పచ్చముక్క భాయ్ తిరిగొస్తాడన్నాడు. ధర అదే. బేరం ఖలాస్!"

అడిగినంతా లెక్కపెట్టి ఇచ్చాను. ఒక మనిషి నియమాన్ని వ్యాపారపు ఎత్తు అనుకున్నందుకు క్షమించమని అడిగే వీలు మాత్రం దొరకలేదు. ఆ సందుకు శుక్రవారం వెళ్లేవారు పొద్దున్నే వెళ్లండి. ఆయనకు నా సలాం చెప్పండి.

విమానంలో పక్కసీటు జగిత్యాల పెద్దమనిషి గుడ్డ తడిమి, ధర విని నోరు తెరిచాడు.

"గంతనా? జర లేసి నడ్వకపోయినవ్?"

"నడిచిన కాకా, సందు కొసదాంక. ఆయన కూసునే గెల్సిండు."