ఎత్తిన ఆకు

మా బావగారు ఇస్సాకు మాస్టారు పెళ్ళిళ్ళకు వెళ్ళి పస్తుండి వచ్చేవారు. బడిలో కూడా గోడవైపు తిరిగి క్యారియర్ విప్పుకునేవారు. మా అక్క మార్తమ్మ ముందు తప్ప ఇంకొకరి ఎదుట ఆయనకు ముద్ద దిగేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"తిండి దగ్గర సిగ్గేంటండీ బావగారూ, దొంగతనం చేసేరా?" అనేదాన్ని. ఆయన తల దించుకునేవారు.

కారణం నాకు తెలియక కాదు. ఆయన చిన్నప్పుడు కామందుల ఇంట పెళ్ళయితే, వీళ్ళ వాడవాళ్ళంతా పందిరి బయట ఆఖరి బంతిలో తినాలి. తిన్న ఆకు ఎవరిది వాళ్ళే ఎత్తి పారేసి, ఆ చోటు పేడతో అలికి రావాలి. లోపలి బంతుల వాళ్ళకు ఆ బాధ లేదు, ఆకులు ఎత్తడానికి మనుషులుండేవారు. చదువుకుని మాస్టారయ్యాక, డెబ్భై నాలుగులో, కొత్తపేటలో తోటి మాస్టారు గోవిందరాజులుగారింటి పెళ్ళిలో బావగారిని లోపలి బంతిలోనే కూర్చోబెట్టారు. కడుపారా తిన్నారట. లేస్తూ లేస్తూ అలవాటున ఆకు మడిచి ఎత్తేశారు.

"అయ్యయ్యో, మీరు తియ్యడమేంటండీ మాస్టారూ!" అని గోవిందరాజులుగారు కేకేశారు. పాపం, మర్యాదకే అన్నారు. బంతి బంతంతా తలెత్తి చూసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, నలుగురిలో తినడం ఆ రోజుతో సరి.

ఎనభై మూడులో బావగారి అమ్మాయి లీలావతి పెళ్ళి కుదిరితే అక్క సంతోషించడానికి బదులు ఏడ్చింది. వియ్యంకులిద్దరూ ఒకే బంతిలో తినాలి. లేకపోతే మగపెళ్ళివారికి అవమానం. పైగా వియ్యంకుడు సాలమోనుగారు అమలాపురంలో గుమాస్తా, చొక్కా ఇస్త్రీ నలగని మనిషి.

పెళ్ళినాడు బావగారు గరిటె పట్టుకుని వడ్డన వంకన తప్పించుకు తిరుగుతున్నారు. సాలమోనుగారు ఆకు ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"బావగారూ, మీరు కూర్చుంటేగానీ నేను ముద్ద ముట్టనండి."

"ఆయ్, మీరు కానివ్వండి, నేను తర్వాత..."

"ఇక చాలు, కూర్చోండి!" అని నేనే గరిటె లాక్కున్నాను.

కూర్చున్నారు. వేటమాంసం కలిపిన ముద్ద నోట్లోనే తిరుగుతోంది. చెమటలు కారుతున్నాయి. ఎలాగో తిన్నారు. చెయ్యి అలవాటున ఆకు మీదకు పోకుండా కుడి మణికట్టును ఎడంచేత్తో గట్టిగా పట్టుకుని లేచారు. హమ్మయ్య అనుకున్నాను.

పక్కనే సాలమోనుగారూ లేచారు. ఆయన చేతిలో మడిచిన ఆకు ఉంది.

బంతంతా చూస్తోంది. ఆయన మొహం మాడిపోయింది. "అలవాటండీ..." అని గొణిగారు. మా బావగారు చటుక్కున వంగి తన ఆకు కూడా ఎత్తేశారు. ఇద్దరూ తలెత్తకుండా దొడ్డివైపు నడిచారు.

పెళ్ళి మాది, పందిరి మాది, వండించిన అన్నం మాది. సిగ్గు కూడా మాదేనా!